‘నాది’కి అవతల ఉన్న ‘నేను’



మన పావగడ తాలూకా పటాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఉన్నది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. చుట్టూ చాలా మేరకు ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడం చదువుతాం. మడకశిర, హిందూపురం వైపు పోతే మనల్ని కన్నడం వాళ్లంటారు. తుమకూరు, బెంగళూరు పోతే తెలుగువాళ్లంటారు. “నువ్వెవరు?” అని అడిగితే, అడిగినవాళ్లను బట్టి జవాబు మార్చుకోవడం మనకు చిన్ననాటి నుంచీ అలవాటే. ఊరు, ఇంటిపేరు, కులం, భూమి, ఉద్యోగం, వీటిలో ఏదో ఒకటి చెబుతాం. ఇవన్నీ మారగలిగినవే. మరి మారని ‘నేను’ ఒకటుందా? ఉంటే దాన్ని చేరేదెట్లా? ఈ ప్రసంగంలో దాన్ని గురించి కాసేపు ఆలోచిద్దాం.

ముందుగా అహంకారం అనే మాట చూద్దాం. తెలుగులోనైనా, కన్నడంలోనైనా వాడుకలో దీనికి గర్వం, పొగరు అని అర్థం. శాస్త్రంలో ఇంకా లోతైన అర్థముంది. ‘అహం’ అంటే నేను. జరిగే ప్రతిదానికీ ‘నేను’, ‘నాది’ అని ముద్ర వేసే పనే అహంకారం. సాంఖ్యులు దీన్ని ఒక తత్త్వంగా లెక్కించారు. ఈ అర్థంలో చూస్తే, తల వంచుకొని నడిచే వినయవంతుడికీ అహంకారం ఉంటుంది. “నా అంత అణకువ గలవాడు లేడు” అని లోపల అనుకుంటే అదీ అహంకారమే.

అయితే ఇది పూర్తిగా చెడ్డదనుకోకండి. పసిబిడ్డ మొదట్లో తన పేరుతోనే తనను చెప్పుకుంటుంది. రెండేళ్లు దాటేసరికి ‘నేను’, ‘నాది’ అనడం నేర్చుకుంటుంది. అది లేకపోతే బడిలో హాజరు పలకలేం, పహణిలో పేరు సరిచూసుకోలేం. కాబట్టి అహంకారం ఒక పనిముట్టు. పనిముట్టే యజమాని అయి కూర్చున్నప్పుడు కష్టం మొదలవుతుంది.

1890లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. మనిషి దేన్నెల్లా ‘నాది’ అనగలడో అదంతా కలిసే వాడి వ్యక్తిత్వం అవుతుందని అందులో వివరించారు. ఒళ్లు, బట్టలు, ఇల్లు, ఆలుబిడ్డలు, పూర్వికులు, పేరుప్రతిష్ఠలు, పొలాలు, బ్యాంకులో డబ్బు, ఇవన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి. అవి పెరిగితే మనిషి పొంగుతాడు, తరిగితే తానే తరిగిపోయినట్టు కుంగుతాడు.

ఆ లెక్కలోని పొలాల సంగతి మన రాయచెర్లు వాళ్లకు పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. తిరుమణి, బళసముద్రం, వళ్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ 5 ఊళ్ల చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. ఇక్కడ భూమిని కొనలేదు, 28 ఏళ్ల గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి నూటికి 5 చొప్పున పెంపు అని ఒప్పందం.

పహణిలో పేరు అట్లాగే ఉంది. కాని ఆ పొలంలో మడక సాగదు, శెనక్కాయ విత్తరు. ఆకాశం వైపు చూసి వాన కోసం బెంగపడేవాళ్లకు ఏటేటా గుత్త డబ్బు వస్తోంది. అది చిన్న ఊరట కాదు. మరి “నేను రైతును” అని పుట్టుక నుంచీ చెప్పుకున్నవాడు ఇప్పుడేమని చెప్పుకోవాలి? ఇంకోవైపు, సెంటు భూమి లేనివాళ్లకు గుత్త రాలేదు. ఆ పొలాల్లో దొరికే కూలి పోయింది, గొర్రెలకు మేత బీళ్లు తగ్గాయి. “నేను కష్టం చేసి బతికేవాణ్ణి” అనుకున్న మనిషికి ఆ కష్టమే దొరకకపోతే తాను ఎవరు? ఒకరికి డబ్బు వచ్చింది, ఒకరికి పని పోయింది. ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ ప్రశ్నను చివరిదాకా పట్టుకున్నవాడు మదురైలోని ఒక బడిపిల్లవాడు. పేరు వెంకటరామన్. 1896 జూలైలో, 16 ఏళ్ల వయసులో, ఏ జబ్బూ లేకుండానే చావు భయం పట్టుకుంది. అతడు ఎవరినీ పిలవలేదు. శవంలాగా కాళ్లుచేతులు బిగదీసుకొని పడుకొని, “ఈ దేహం చస్తే నేను చచ్చినట్టేనా?” అని విచారించాడు. దేహాన్ని చూస్తున్న ఎరుక ఒకటి వేరే ఉందని అతడికి స్పష్టపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి, 1950 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా ఆ ఊరు విడవలేదు.

ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టింది మన తెలుగు పండితుడే. బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878లో పుట్టిన గణపతి ముని గారు 1900లో నవద్వీపం పండిత సభలో ‘కావ్యకంఠ’ బిరుదు పొందారు. ఎన్నో ఏళ్లు మంత్రజపం చేశారు. అయినా తృప్తి కలగలేదు. 1907 నవంబరు 18న కొండెక్కి, తనకంటే ఏడాది చిన్నవాడైన ఆ మౌని కాళ్లు పట్టుకొని, తపస్సంటే ఏమిటో చెప్పమని అడిగారు. ‘నేను’ అనే తలపు ఎక్కడినుంచి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నది ఆయనకు దొరికిన జవాబు సారాంశం. గణపతి ముని ఆ తరువాత కవిత్వం మానలేదు. ‘ఉమాసహస్రం’ వంటి పెద్ద కావ్యం వచ్చింది ఆ తరువాతే. అహంకారం దాటడమంటే పని మానడం కాదని దీనివల్ల తెలుస్తోంది.

మన కన్నడ నాట కనకదాసు గురించి చెప్పుకునే కథ మీరందరూ వినే ఉంటారు. మోక్షానికి ఎవరు పోతారని గురువు వ్యాసరాయలు అడిగితే, నేను పోతే పోతానేమో అన్నారట కనకదాసు. సభలో వాళ్లకు అది పొగరుగా వినబడింది. ‘నేను’ అనేది పోతేనే పోగలను అని ఆయన భావం. ఈ శ్లేష కన్నడంలో ఎట్లా అతుకుతుందో తెలుగులోనూ అట్లాగే అతుకుతుంది.

సరే, సంసారంలో ఉన్న మనం ఏం చెయ్యగలం? పెళ్లి పత్రికలో మన పేరు వెయ్యలేదనుకోండి. పంచాయతీలో మన మాటకు ఎవరూ విలువ ఇవ్వలేదనుకోండి. లోపల చురుక్కుమంటుంది. ఆ క్షణంలో ఎదుటివాణ్ణి తిట్టేముందు, “దెబ్బ తగిలింది దేనికి?” అని అడగండి. ఒంటికి తగల్లేదు. తిండికి లోటు రాలేదు. తగిలింది మనం కట్టుకున్న ఒక బొమ్మకు. “మరి ఆ బొమ్మకు తగిలిన దెబ్బను చూస్తున్నది ఎవరు?” అని ఇంకో మెట్టు దిగండి. జవాబు మాటల్లో రాదు. ఒక్క క్షణం నెమ్మది మాత్రం వస్తుంది. పదేపదే అడిగితే ఆ క్షణం కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ప్రశ్న ఎవరికి వారు వేసుకోవలసింది, ఇతరుల నోరు మూయించడానికి వాడవలసింది కాదు. గుత్త డబ్బు ఆలస్యమైందని రైతు అడిగితే, పని ఇప్పించమని కూలిమనిషి అడిగితే, “నీకు అహంకారం, నీకు ఆశ” అనకూడదు. ఆకలి అహంకారం కాదు, న్యాయం అడగడమూ అహంకారం కాదు.

మరి మనం సరైన దారిలో ఉన్నామని తెలిసేదెట్లా? దానికొక గుర్తుంది. ‘నాది’ అనే పట్టు సడలేకొద్దీ పక్కవాడి కష్టం మనకు కనబడాలి. గుత్త అందుకుంటున్న చేతికి, కూలి పోగొట్టుకున్న చెయ్యి గుర్తుకు రావాలి. అట్లా కాక ధ్యానం చేసేకొద్దీ ఊరివాళ్లు కంటికి ఆనకపోతే, అది అహంకారం కొత్త వేషం వేసుకొని వచ్చిందని తెలుసుకోవాలి.

శ్రోతలారా, భూమి 28 ఏళ్ల గుత్త. ఈ ఒళ్లు కూడా గుత్తే, గడువు ఎంతో పత్రంలో రాసి లేదు. గడువు లోపల అనుభవించేవాడు ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేద్దాం. ఈ రాత్రి పడుకునే ముందు 5 నిమిషాలు దీపమార్పి కూర్చొని, “నేను ఎవరు?” అని మెల్లగా అడిగి చూడండి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా ఒకటే.