స్టార్టర్ తిరిగింది కదా అని నమ్మేయొచ్చా? ఇంట్లో కట్టుకున్న విమానం, దాని బ్యాటరీ లెక్క

మీ ఫోన్ కొని మూడేళ్లయిందనుకోండి. ఛార్జింగ్ 22 శాతం అని చూపిస్తుంటుంది. కెమెరా ఓపెన్ చేయగానే టప్‌మని ఆఫ్. స్క్రీన్ మీద నంబర్ ఒకటి, లోపల నిజంగా మిగిలింది ఇంకొకటి. మహా అయితే మనకి ఒక ఫొటో పోతుంది, అంతే. ఇదే తేడా 3,000 అడుగుల ఎత్తులో, ఇంజిన్ మొత్తం ఆ బ్యాటరీ మీదే ఆధారపడి ఉన్నప్పుడు బయటపడితే? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఒక క్లారిటీ. అమెరికాలో మనుషులు గ్యారేజీలో విమానం కట్టుకుంటారు. జోక్ కాదు, లీగల్‌గానే. అక్కడి ఎఫ్ఏఏ దీనికి ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ అని ఒక కేటగిరీ పెట్టింది. సగానికి పైగా పని ఔత్సాహికులు నేర్చుకోవడానికో, సరదాకో సొంతంగా చేసి ఉండాలి, అదే షరతు. దీన్నే 51 శాతం రూల్ అంటారు. ఒరెగాన్‌లో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ కిట్లతో కట్టిన ఆర్వీ విమానాలే వేలల్లో ఎగురుతున్నాయి.

నా బీటెక్ సీనియర్ ఒకాయన డల్లాస్ దగ్గర ఉంటాడు. పగలు కోడింగ్, రాత్రి గ్యారేజీలో రివెట్లు. ఆర్వీ-7 కడుతున్నాడు. ఆ మధ్య వీడియో కాల్‌లో, "తమ్ముడూ, బ్యాటరీ మానిటర్ చేయడానికి ఒక చిన్న యాప్ రాసిపెడతావా?" అన్నాడు. "రాస్తాను గానీ అన్నా, యాప్‌లో ఏ నంబర్ చూపించమంటావ్?" అని అడిగాను. "వోల్టేజే కదా, ఇంకేముంది" అన్నాడు. అసలు కథంతా ఆ మాట దగ్గరే ఉంది.

మన నాన్నల కాలం చేతక్ స్కూటర్ గుర్తుందా? బ్యాటరీ లేకపోయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. స్పార్క్‌కి కావాల్సిన కరెంటు ఇంజిన్ తిరుగుతూ తనే పుట్టించుకునేది. చిన్న విమానాల్లో దశాబ్దాలుగా ఉన్న మాగ్నెటో కూడా అదే ఐడియా. బ్యాటరీ చచ్చిపోయినా, రేడియో ఆగిపోయినా ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కార్బురేటర్ ఉండే రోటాక్స్ 912 ఇంజిన్‌లో కూడా ఇగ్నిషన్‌కి బయటి కరెంటు అక్కర్లేదు. కానీ కొత్తగా కట్టేవాళ్లలో చాలామంది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడుతున్నారు. పెట్రోల్ ఆదా, స్టార్టింగ్ స్మూత్. మా అన్న కూడా రెండూ పెట్టాడు. ఫ్యూయల్ పంప్, స్పార్క్, ఇంజిన్ కంప్యూటర్ అన్నీ కరెంటు మీదే. కరెంటు పోతే ఇంజిన్ కూడా పోతుంది.

ఆల్టర్నేటర్ బాగున్నంతసేపు టెన్షన్ లేదు. అది గాల్లో ఫెయిల్ అయిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. ట్యాంకులో మూడు గంటల ఇంధనం ఉండొచ్చు. మీ చేతిలో ఉన్నది మాత్రం బ్యాటరీ ఎన్ని నిమిషాలు లాగితే అన్ని నిమిషాలే.

ఎన్ని నిమిషాలు? ఈ విమానాల్లో బాగా పాపులర్ బ్యాటరీ ఒకటి ఉంది, ఒడిస్సీ పీసీ680. ఏజీఎం రకం లెడ్-యాసిడ్, బరువు దాదాపు 7 కిలోలు, కెపాసిటీ 16 ఆంప్ అవర్. ఇంజిన్ బతకడానికి తప్పనిసరి లోడ్ 10 ఆంప్స్ అనుకుందాం. 16ని 10తో భాగిస్తే 96 నిమిషాలు అని వస్తుంది. కానీ అన్ని రావు. ఆ 16 అనేది 20 గంటలపాటు మెల్లగా, అంటే 0.8 ఆంప్స్ చొప్పున తీస్తే వచ్చే లెక్క. గట్టిగా లాగేకొద్దీ లెడ్-యాసిడ్ తక్కువ ఇస్తుంది. పైగా ఇది కొత్త బ్యాటరీ సంగతి.

పాతదైతే? "స్టార్టర్ గిర్రున తిరుగుతోంది కదా, బ్యాటరీ సూపర్" అంటారు అందరూ. మా అన్న కూడా అదే అన్నాడు. సరే, లెక్క వేద్దాం. స్టార్టర్ 200 ఆంప్స్ లాగుతూ 4 సెకన్లు తిరిగిందనుకోండి. ఖర్చయింది ఎంత? 0.22 ఆంప్ అవర్. పావు కూడా కాదు! సగం చచ్చిన బ్యాటరీ కూడా ఈ పరీక్ష పాస్ అయిపోతుంది. వంద మీటర్ల రేసు గెలిచినంత మాత్రాన మారథాన్ పరిగెత్తగలడని ఎవరూ అనుకోరు కదా.

వోల్టేజ్ చూస్తే తెలియదా అంటే, తెలిసేది వేరే విషయం. ఇంజిన్ ఆఫ్‌లో, కాసేపు రెస్ట్ ఇచ్చాక 12.8 దాకా ఉంటే ఏజీఎం ఫుల్ ఛార్జ్ అని అర్థం. 12.0కి వచ్చిందంటే చాలావరకు ఖాళీ. అయితే ఇది డబ్బా ఎంతవరకు నిండిందో చెప్తుంది, డబ్బా సైజు ఎంతకి కుంచించుకుపోయిందో చెప్పదు. కెపాసిటీ సగానికి పడిపోయిన బ్యాటరీ కూడా ఫుల్ ఛార్జ్‌లో దాదాపు అదే వోల్టేజ్ చూపించగలదు.

మరి సైజు ఎలా కొలవాలి? ఖరీదైన మెషీన్లు ఉన్నాయి, కానీ కారు హెడ్‌లైట్ బల్బు చాలు. 55 వాట్ల హాలోజన్ బల్బు దాదాపు 4.5 ఆంప్స్ లాగుతుంది. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, విమానం నుంచి తీసి, బల్బు తగిలించి, మల్టీమీటర్ పెట్టి టైమర్ ఆన్ చేయండి. ఏజీఎం అయితే 10.5 వోల్టులకు రాగానే ఆపేసి వెంటనే ఛార్జింగ్ పెట్టాలి. 16 ఆంప్ అవర్ కొత్తది సుమారు మూడు గంటలు వెలగాలి. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మీద పెట్టకండి.

అన్న ఆదివారం కూర్చుని ఇదే చేశాడు. ఆ బ్యాటరీ రెండేళ్లుగా గ్యారేజీలో స్క్రీన్లు, రేడియో టెస్ట్ చేయడానికి వాడుతున్నదే. మాస్టర్ స్విచ్ మర్చిపోయి నాలుగైదు సార్లు పూర్తిగా దిగిపోయింది కూడా. స్టార్టర్ మాత్రం జుమ్మని తిప్పేది. బల్బు గంటా 35 నిమిషాలకే ఆగింది. అంటే 7 ఆంప్ అవర్. 10 ఆంప్స్ లోడ్‌కి కాగితం మీదే 42 నిమిషాలు, నిజంలో ఇంకా తక్కువ. ఫస్ట్ ఫ్లైట్‌కి ఇదే బ్యాటరీ అనుకున్నాడు మనిషి. ఆ తర్వాత వదిననీ, పాపనీ ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించుకోవాలని ప్లాన్. మర్నాడే కొత్తది ఆర్డర్ పెట్టాడు.

80 శాతం కంటే దిగితే మార్చేయడం విమానాల్లో చాలామంది పాటించే లెక్క. నేనైతే ఇంజిన్ దాని మీద నడిచే విమానంలో అంతకంటే కిందికి ఒక్క శాతం కూడా ఒప్పుకోను. ఈ విమానాలకు ఏడాదికోసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్ ఎలాగూ ఉంటుంది. ఆ రోజే బల్బు పరీక్ష చేసి ఎన్ని నిమిషాలు వచ్చిందో లాగ్‌బుక్‌లో రాసుకుంటే, ఏటేటా ఎంత తగ్గుతోందో కనిపిస్తుంది.

ఇప్పుడు లిథియం. ఇక్కడ వాడేది ఎక్కువగా ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఎర్త్‌ఎక్స్ లాంటివి. 2013 జనవరిలో బోయింగ్ 787 బ్యాటరీలు కాలి, ఆ విమానాలన్నీ నేల మీద నిలబెట్టారు కదా, అది కోబాల్ట్ ఆక్సైడ్ కెమిస్ట్రీ. ఐరన్ ఫాస్ఫేట్ దానికంటే చాలా నిలకడైనది. బరువు లెడ్‌లో మూడో వంతు దాకా తగ్గుతుంది. చిన్న విమానంలో నాలుగు కిలోలు తగ్గడం అంటే పండగే.

కానీ ఒక తిరకాసు ఉంది. దీని వోల్టేజ్ 90 శాతం నుంచి 20 శాతం దాకా దాదాపు ఒకే దగ్గర, 13.2 చుట్టుపక్కల నిలబడి ఉంటుంది. ఆ తర్వాత లిఫ్ట్ తెగినట్టు పడుతుంది, లోపలి బీఎంఎస్ కట్ చేసేస్తుంది. చాలామంది లో-వోల్టేజ్ అలారం 13.0 దగ్గర పెడతారు. లెడ్‌కి అది పర్ఫెక్ట్, ఎందుకంటే ఆల్టర్నేటర్ ఆగగానే వోల్టేజ్ 12 చిల్లరకి దిగి, అలారం వెంటనే మోగుతుంది. బ్యాటరీ మార్చి, అలారం సెట్టింగ్ మార్చకపోతే? ఆల్టర్నేటర్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లిథియం 13.2 చూపిస్తూ ఉంటుంది, అలారం నోరు మెదపదు. అది మోగేసరికి మీ నిమిషాల్లో చాలా భాగం అయిపోయి ఉంటుంది. అందుకే అలారాన్ని 13.2 కంటే పైకి జరపాలి. బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందా, బయటికి వస్తోందా చూపించే యాంమీటర్ కూడా ఉండాలి. మైనస్ కనిపించిందంటే లెక్క మొదలైనట్టే.

ఛార్జర్ కూడా మార్చాలి. లెడ్ కోసం చేసిన డీసల్ఫేషన్ మోడ్ లిథియంకి పెట్టకూడదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయడమూ మంచిది కాదు.

లెడ్ బ్యాటరీని చంపేవి వేడి, ఖాళీగా పడి ఉండటం. రేడియో మెమరీ, గడియారం లాంటివి కలిపి 20 మిల్లీ ఆంప్స్ లాగుతున్నాయనుకోండి. నెలకి 14.4 ఆంప్ అవర్! 16లో ఇంకేం మిగిలింది? అలా ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఆ భాగం ఇక పనికిరాదు. అన్న గ్యారేజీలో జరిగింది ఇదే. వారాల తరబడి ఎగరకపోతే మెయింటెనెన్స్ ఛార్జర్ తగిలించి ఉంచండి.

ఇంతకీ యాప్ సంగతి. రాయలేదు. ఒక స్ప్రెడ్‌షీట్ చేసిచ్చాను. ఏ పరికరం ఎన్ని ఆంప్స్, ఆల్టర్నేటర్ పోతే ముందు ఏ స్విచ్ ఆఫ్ చేయాలి, మిగిలిన లోడ్‌కి ఎన్ని నిమిషాలు. కొత్త బ్యాటరీకి బల్బు పరీక్ష చేసి, వచ్చిన దాంట్లో 80 శాతమే లెక్కలో పెట్టాం. ఫ్యాక్టరీ విమానాలకు ఇలాంటప్పుడు కనీసం 30 నిమిషాలు లాగాలని చాలాకాలం ఒక రూల్ ఉండేది. అన్నకి 55 వచ్చాయి. ఆ నంబర్‌ని లేబుల్ ప్రింట్ చేసి వోల్ట్‌మీటర్ పక్కనే అతికించాడు. వచ్చే ఏడాది పరీక్షలో తక్కువ వస్తే పాత లేబుల్ పీకి కొత్తది అతికిస్తాడు.