ఏ పేపరు ఎవరిదో తెలిస్తే సరిపోదు

1990 అక్టోబరు 10. వాషింగ్టన్‌లో అమెరికా చట్టసభ సభ్యుల మానవ హక్కుల బృందం ఎదుట పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించి అప్పటికి రెండు నెలలు దాటింది. తాను అక్కడ ఓ ఆసుపత్రిలో స్వచ్ఛందంగా పనిచేశాననీ, ఇరాక్ సైనికులు తుపాకులతో వచ్చి పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి చల్లటి నేల మీద చావుకు వదిలేశారనీ చెప్పింది. కువైట్‌లో ఉన్న తన వాళ్లకు ముప్పు రాకూడదంటూ ఇంటిపేరు బయటపెట్టలేదు.

ఆ వీడియో అమెరికా టీవీల్లో మోగిపోయింది. అధ్యక్షుడు జార్జి బుష్ పదే పదే ప్రస్తావించారు. ఇలా 312 మంది శిశువులు చనిపోయారని డిసెంబరులో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదికలోకీ ఎక్కింది. యుద్ధానికి అనుమతిపై చర్చలో సెనేటర్లూ దాన్ని ఎత్తారు. 1991 జనవరి 12న సెనేట్‌లో తీర్మానం 52–47 ఓట్లతో గట్టెక్కింది.

యుద్ధం ముగిశాక విలేకరులు కువైట్ ఆసుపత్రులకు వెళ్లి డాక్టర్లను అడిగారు. ఆ కథను బలపరిచే ఆధారం దొరకలేదు. ఆమ్నెస్టీ తన మాట వెనక్కి తీసుకుంది. 1992 జనవరిలో పాత్రికేయుడు జాన్ మెకార్థర్ న్యూయార్క్ టైమ్స్‌లో అసలు సంగతి రాశారు. ఆ అమ్మాయి అమెరికాలోని కువైట్ రాయబారి కూతురు. సాక్ష్యం వెనక పనిచేసింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజాసంబంధాల సంస్థ. కువైట్ ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఓ సంఘం దానికి కోటి డాలర్లకు పైగా చెల్లించింది. సాక్ష్యం విన్న బృందం చట్టసభ అధికారిక కమిటీ కాదు. అందుకే ఆమెతో ప్రమాణం చేయించలేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దారుణాలు చేసిన మాట నిజం. అక్కడ పొట్టకూటికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల వాళ్లెందరో అన్నీ వదులుకుని జోర్డాన్ మీదుగా ఇల్లు చేరారు. గట్టి ప్రచారం శూన్యంలోంచి పుట్టదు. నిజం పునాది మీద, నమ్మడానికి జనం సిద్ధంగా ఉన్నచోట, ఒక్క కథను జోడిస్తుంది. ఆ కథ చదువుకున్న వాళ్లకీ, రాజకీయాల్లో తలపండిన వాళ్లకీ ఎలా ఎక్కింది? దీనికి మనస్తత్వ శాస్త్రం గత యాభై ఏళ్లలో చాలా సమాధానాలు చెప్పింది.

మళ్లీ మళ్లీ వింటే

1977లో లిన్ హాషర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి విద్యార్థులకు కొన్ని వాక్యాలు వినిపించారు. కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. అన్నీ నమ్మదగినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎంతవరకు నిజమనిపిస్తోందో మార్కులు వేయమన్నారు. రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు ఇదే పని చేయించారు. కొన్ని వాక్యాలు మూడుసార్లూ వచ్చాయి. వాటికే ప్రతిసారీ మార్కులు పెరుగుతూ పోయాయి. అబద్ధమైనా, నిజమైనా తేడా లేదు.

పరిచయమున్న వాక్యాన్ని మెదడు సులువుగా అందుకుంటుంది. ఆ సులువునే నిజానికి గుర్తుగా తీసుకుంటుంది. రోజువారీ బతుకులో ఈ పద్ధతి బాగానే పనికొస్తుంది, ఎందుకంటే మనం తరచుగా వినేవాటిలో ఎక్కువ భాగం నిజాలే. ప్రచారకర్తలు దెబ్బ తీసేదీ సరిగ్గా ఇక్కడే.

విషయం తెలిసినవాళ్లు దీనికి లొంగరనుకుంటాం. 2015లో లిసా ఫేజియో బృందం ఆ నమ్మకాన్నీ పరీక్షించింది. వాళ్లు వాడిన వాక్యాల్లో ఒకటి మనకు నవ్వు తెప్పిస్తుంది: స్కాట్లండ్ వాళ్లు కట్టుకునే కుచ్చుల పొట్టి లంగా పేరు చీర! దాని అసలు పేరు కిల్ట్ అని తెలిసినవాళ్లు కూడా, ఇలాంటి వాక్యాలు రెండోసారి ఎదురైనప్పుడు కొంచెం ఎక్కువ నిజమన్నట్టు మార్కులు వేశారు. తెలిసి ఉండటం వేరు, తెలిసినదాన్ని ఆ క్షణంలో గుర్తు తెచ్చుకోవడం వేరు. టీవీ అడుగున రోజంతా పరిగెత్తే స్క్రోలింగు మనకు ఆ క్షణం ఇవ్వదు.

ఒకే మాట, వేర్వేరు నోళ్లు

పంచతంత్రంలో మేకను మోసుకెళ్తున్న బ్రాహ్మణుడికి దారిలో ముగ్గురు ధూర్తులు ఒకరి తర్వాత ఒకరు ఎదురై, అది కుక్క అంటారు. ఒక్కడే మూడుసార్లు చెప్పి ఉంటే ఆయన నమ్మేవాడు కాదు. ముగ్గురికీ సంబంధం లేదనుకున్నాడు కాబట్టి నమ్మాడు. కువైట్ కథలోనూ సాక్షి, అధ్యక్షుడు, మానవ హక్కుల సంస్థ వేర్వేరు సాక్ష్యాల్లా కనిపించారు. నిజానికి ఒకే కథ చేతులు మారింది.

మన దేశంలో దీనికి అచ్చులో దొరికిన రుజువుంది. 2009 మహారాష్ట్ర ఎన్నికల వేళ పోటీ పత్రికల్లో ఒక నాయకుణ్ణి పొగుడుతూ ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ పత్రికలను పక్కపక్కన పెట్టి ‘ది హిందూ’లో బయటపెట్టారు. ఎన్ని చోట్ల వచ్చిందన్నది కాదు, ఎన్ని చోట్ల నుంచి పుట్టిందన్నది చూడాలి. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ పది ఛానెళ్లలో వచ్చినా ఆ వర్గం ఒక్కటే అయి ఉండొచ్చు.

క్రియ చేసే పని

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరికి కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. ‘తాకినప్పుడు’ అని అడిగితే వచ్చిన సగటు గంటకు దాదాపు 32 మైళ్లు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అంటే దాదాపు 41. మరో ప్రయోగంలో వారం తర్వాత ‘పగిలిన అద్దం ముక్కలు చూశారా’ అని అడిగారు. ‘నుజ్జయ్యేలా’ అన్న ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ‘గుద్దుకున్నప్పుడు’ అని విన్న 50 మందిలో ఏడుగురే. ఫిల్ములో అద్దం ముక్కలే లేవు.

ఇప్పుడు కలెక్టరేట్ దగ్గర ఒక ధర్నా ఊహించుకోండి. రైతులు గేటు తోశారు, పోలీసులు లాఠీలు ఝళిపించారు. మర్నాడు ఒక పేపరు ‘రైతులపై విరిగిన లాఠీ’ అంటుంది. ఇంకోటి ‘కలెక్టరేట్‌లోకి చొచ్చుకెళ్లే యత్నం’ అంటుంది. మూడోది ‘రైతుల ధర్నాలో ఉద్రిక్తత’ అని ఊరుకుంటుంది. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. మొదటిదాంట్లో గేటు లేదు, రెండోదాంట్లో లాఠీ లేదు, మూడోదాంట్లో చేసినవాళ్లే లేరు. హెడ్డింగు చదివి పేజీ తిప్పేసే పాఠకుడు వారం తర్వాత గుర్తుచేసుకునేది ఆ హెడ్డింగునే. అలాగే ఒకే మాట మాట్లాడిన ఇద్దరు నాయకుల్లో ఒకరు ‘నిప్పులు చెరుగుతారు’, రెండోవారు ‘నోరు పారేసుకుంటారు’. వాళ్లేమన్నారో తెలియకముందే మనం ఎవరి పక్షమో ఆ క్రియ తేల్చేస్తుంది.

నిప్పు లేకుండా పొగ

ఒక ఆరోపణ తప్పని తేలాక కూడా ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటాం. 1994లో హోలిన్ జాన్సన్, కొలీన్ సైఫర్ట్ పరిశీలించింది కాకతాళీయంగా పొగ గురించే. ఒక గోదాములో అగ్నిప్రమాదం జరిగినట్టు వరుస సందేశాలు చదివించారు. గదిలో పెయింటు డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ముందు చెప్పి, తర్వాత ఆ గది ఖాళీ అని దిద్దారు. దిద్దుబాటు గుర్తున్నవాళ్లు కూడా, అంత దట్టమైన పొగ ఎందుకొచ్చిందంటే పెయింటు పేరే చెప్పారు. అదే, ఎవరో కావాలని తగలబెట్టారని సూచించే మరో కారణం చూపిస్తే ఆ ప్రభావం తగ్గింది. మనసు ఖాళీని భరించలేదు. ‘అది నిజం కాదు’ అని రెండు ముక్కల్లో వేసే సవరణ సగం పనే చేస్తుంది. అసలేం జరిగిందో కూడా చెబితేనే పాత కథ కదులుతుంది.

మన కొలబద్దే వంకరైతే

ఫలానా పేపరు వాళ్లది, ఫలానా ఛానెల్ వీళ్లదని తెలుగు పాఠకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. టీ కొట్టు దగ్గర కూడా ఆ లెక్క పక్కాగా ఉంటుంది. ఆ తెలివిడి మంచిదే, కానీ రక్షణకు చాలదు. 1985లో వచ్చిన ఒక అధ్యయనంలో, 1982లో లెబనాన్‌లోని బీరుట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలనే ఇజ్రాయెల్ అనుకూలురకూ, అరబ్బుల అనుకూలురకూ చూపించారు. వార్తలు తమకు వ్యతిరేకంగా వంగి ఉన్నాయని రెండు పక్షాలూ అన్నాయి. పక్షపాతం ఉందనిపించడం ఒక్కటే పక్షపాతానికి రుజువు కాదు. మనకు నచ్చిన పేపరులో అది అసలే కనపడదు.

చేయగలిగింది

ఈ శాస్త్రమే మందు కూడా చూపిస్తోంది. 2020లో నాడియా బ్రాషియర్ బృందం చేసిన ప్రయోగాల్లో, వాక్యం మొదటిసారి ఎదురైనప్పుడే ‘ఇది నిజమేనా’ అని ఆలోచించినవాళ్ల మీద పునరావృతి పాచిక పారలేదు. అయితే ఆ విషయం గురించి వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. 2022లో వచ్చిన మరో పరిశోధనలో, మాయచేసే పద్ధతులను ముందుగానే వివరించే చిన్న వీడియోలు యూట్యూబ్‌లో చూపిస్తే, ఆ పద్ధతులను గుర్తుపట్టేవాళ్లు కొద్దిగానైనా పెరిగారు. టీకాలా, ముందే పడితేనే ఇది పనిచేస్తుంది.

కాబట్టి పేపరు యజమాని పార్టీ గురించి మాట్లాడుకునేంత శ్రద్ధ వాక్యం మీదా పెట్టాలి. ఈ మాట కళ్లారా చూసినవాళ్లెవరు? చెప్పినవాళ్ల పేరుందా? మిగతా ఛానెళ్లు వేరే సాక్షిని చూపించాయా, ఇదే సాక్షిని తిప్పుతున్నాయా? హెడ్డింగులో క్రియ తీసేస్తే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నలు ప్రత్యర్థి పేపరుకు వేయడం అందరికీ వచ్చు. మనం ఇష్టపడే నాయకుడికి లాభం చేకూర్చే వార్త మీద, దాన్ని గ్రూపులోకి పంపేలోపు వేయాలి. కువైట్ కథను నమ్మినవాళ్లు మూర్ఖులు కారు. వాళ్లు అన్యాయం మీద కోపమున్న మంచి మనుషులు. ఆ మంచితనాన్నే ఒక సంస్థ డబ్బు తీసుకుని వాడుకుంది. మన కోపాన్ని ఎవరి పనికి వాడుతున్నారో తెలుసుకునే హక్కు మనకుంది, ఓటు వేసే పౌరులుగా ఆ బాధ్యతా మనదే.