కుక్కకు మందు... పిల్లికి విషం!

వానలు మొదలయ్యాక మీ టామీ ఊరికే చెవులు విదిలిస్తోందా? చెవి లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో ఓసారి తడిమి చూడండి. గింజలాంటిదేదో తగిలితే అది పిడుదే కావచ్చు. కొన్నిచోట్ల గోమారి అంటారు.

కనిపించగానే గోళ్లతో గిల్లేయడం, కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం... చాలా ఇళ్లలో జరిగేది ఇదే. వేళ్లతో నలిపితే దాని ఒంట్లోని సూక్ష్మజీవులు మనకే అంటొచ్చు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలిపోయి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గెంతే ఫ్లీ పురుగుల గుడ్లూ పరుపుల్లోనే దాక్కుంటాయి. అందుకే కుక్కకు స్నానం చేయించి దాని పక్కబట్టల్ని వదిలేస్తే కథ మళ్లీ మొదటికే!

పిడుదులతో ఎర్లికియా, బబేసియా లాంటి జబ్బులొస్తాయి. జ్వరం, తిండి మానేయడం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు.

అయితే పురుగుకన్నా ఒక్కోసారి మందే ప్రమాదం. కుక్కల మెడమీద వేసే చుక్కల మందులు కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. ఆ రసాయనాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. 'మిగిలింది కదా' అని పిల్లికీ రెండు చుక్కలు వేశారో... వణుకు, మూర్ఛలు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మందు ఆరని కుక్కను ఆనుకుని పడుకున్నా ముప్పే. పొరపాటున అంటితే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవంతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అప్పటికే మూర్ఛలొస్తుంటే కడగడానికీ ఆగొద్దు. గేదెలకు వాడే పిడుదుల మందును ఉజ్జాయింపుగా కలిపి కుక్కలకు పోసేవాళ్లూ ఉన్నారు. పాపం, అవి ఒళ్లంతా నాక్కుంటాయని గుర్తుండదు!

హార్ట్‌వార్మ్ సంగతి వేరు. దోమకాటుతో చేరిన సూక్ష్మమైన పిల్లపురుగు ఆరేడు నెలల్లో గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడుగు పొడవు దాకా పెరుగుతుంది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో ఇది ఎక్కువ. నివారణకు నెలకోసారి మందులున్నాయి గానీ ముందు రక్తపరీక్ష చేయించాలి. కోలీ జాతి కుక్కలకు ఐవర్‌మెక్టిన్ మోతాదు మించితే నరాల మీద దెబ్బ.

ఏ మందుకైనా మోతాదు బరువును బట్టే. తూచడమెలా అంటారా? కుక్కను ఎత్తుకుని బరువు చూసే మిషనెక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. తేడాయే దాని బరువు. కాకపోతే లాబ్రడార్‌ను ఎత్తడానికి ఇంట్లో కండలున్నవాళ్లుండాలి!