స్కౌటు మాస్టరు జేబు

కైకలూరు ప్రాంతమున ఎవరినైనను గౌరవింపవలెనన్నచో శాలువా తప్పదు. కొల్లేటి ఉక్కపోతలో వేదికపై నిలిచినవాని భుజములపై దానిని కప్పి, చేతిలో ఒక జ్ఞాపికనుంచి, ఫొటో తీయించుకొనుటతో సభవారి ఋణము తీరిపోవును. పాఠములు చెప్పగా మిగిలిన సాయంకాలములను, పండుగ సెలవులను స్కౌట్లకు ధారవోయు ఉపాధ్యాయుని విషయమునను జరుగుచున్నది ఇంతే. ఈ పనికై ఆయనకు వేరొక జీతము లేదు. శిబిరమునకు బయలుదేరిన నాడు బస్సు టిక్కెట్టుకు చిల్లర చాలని పిల్లవాని పక్షమున జేబులోనికి పోవు చేయి ఆయనదే. ఆ చేతిచమురు ఏ చిట్టాలోనికిని ఎక్కదు. స్వచ్ఛంద సేవకుని సత్కారమొకటి, తల్లిదండ్రుల ఖర్చు మరియొకటి అని మనము తలచుచుందుము గాని, కుటుంబము భరింపలేని రూపాయి చప్పుడు చేయక మాస్టరు జీతములో నుండియే తెగుచున్నప్పుడు, ఆ రెండును వేరు వేరు లెక్కలు కానేరవు.

ఖర్చెంతటిదని తేలికగా అడుగువారు ఒక్కసారి ఆ దుస్తుల వంక చూడవలెను. చొక్కా, ప్యాంటు, టోపీ, మెడలో స్కార్ఫు, దానిని బిగించు వాగిల్, బెల్టు, నల్లబూట్లు, భుజములపై కుట్టవలసిన పట్టీలు, సాధించిన కొలది చేరెడి బ్యాడ్జీలు. ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములు దాటి, రాజ్యపురస్కారమును, ఆపైన రాష్ట్రపతి పురస్కారమును అందుకొనవలెనన్న బాలుడు శిబిరములకును, పరీక్షలకును ఊరు విడిచి పోవలసియుండును. జిల్లా కేంద్రమైన ఏలూరు దగ్గరిదే యైనను, వరదకాలమున కొల్లేరు పొంగి రహదారిని ముంచినపుడు అదియును చుట్టుదారి ప్రయాణమే యగును. ఇక 2023 జనవరిలో స్కౌట్ల జాతీయ సమ్మేళనమగు జాంబోరీ జరిగిన రాజస్థాను పాలీ జిల్లా రోహట్ వంటి చోటికి పంపుటయన్న, చెరువు పట్టుబడి నాటి కూలిపై ఆధారపడిన యింట ఆ మాట యెత్తుటకే జంకుదురు. పిల్లవాడు పెరుగుచునే యుండును గనుక ఏడాది తిరుగకుండ చొక్కా పొట్టిదగును. అయినను డబ్బు లేదని నోరు విడిచి చెప్పుకొను బాలుడు అరుదు. "నాకిష్టం లేదండీ" అని మెల్లగా తప్పుకొనును. మనము దానిని నిరాసక్తత యని వ్రాసికొందుము.

ఈ చిక్కు క్రొత్తదికాదు. స్కౌటు ఉద్యమమునకు తొలి అడుగు పడిననాడే ఎదురైనది. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరమందలి బ్రౌన్‌సీ ద్వీపమున సేనాని బేడెన్ పవెల్ సుమారు 20 మంది బాలురతో మొదటి శిబిరము నడపినపుడు, సంపన్నుల పాఠశాలలనుండి వచ్చినవారివద్ద 1 పౌను చొప్పునను, శ్రామికుల బిడ్డలవద్ద 3 షిల్లింగుల 6 పెన్నీల చొప్పునను మాత్రమే రుసుము తీసికొనెను. పౌనుకు 20 షిల్లింగులు గనుక ఇది ఐదవవంతుకంటెను తక్కువ; కాని గుడారములో చోటునకును, పళ్లెములో తిండికిని, చేయవలసిన పనికిని ఆ తేడా అంటలేదు. తుదకు లెక్క చూడగా 24 పౌనులకు పైగా లోటు తేలినది. తన కుమారులిద్దరిని ఆ శిబిరమునకు పంపిన శాక్సన్ నోబుల్ అను ధనికుడు దానిని పూరించెను. స్కౌటింగు చరిత్రలు వ్రాయువారు ముడులను, జెండాలను వర్ణించినంత శ్రద్ధగా ఈ పద్దును వర్ణింపరు. నా దృష్టిలో ఆ శిబిరమునందలి గొప్ప యుపాయము ఇదియే.

మన దేశమున 1909లో బెంగుళూరున వెలసిన తొలి దళము భారతీయ బాలురకు తలుపు తీయలేదు. 1917లో అనీ బిసెంటు, అరండేలు గారలు మద్రాసులోను, మరుసటి యేట మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రు, శ్రీరామ బాజపాయి గారలు అలహాబాదులోను మన పిల్లలకై సంఘములు స్థాపించిరి. ఇట్టి సంఘములు కలసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. జాతి అను గోడ కూలినది గాని, బూట్లు, బెల్టు అను గడప నేటికిని మిగిలియున్నది.

దానిని దాటించుటకు సంస్థలోనే ఒక చక్కని పద్ధతి యున్నది: ఖరీ కమాయీ, అనగా కష్టార్జితము. పిల్లలు ఇరుగుపొరుగువారికి చిన్న చిన్న పనులు చేసిపెట్టి, వచ్చిన సొమ్మును దళము నిధికి జమకట్టుదురు. ఇంగ్లండులో 1949లో మొదలైన షిల్లింగునకొక పని చేయు వారోత్సవమును దీనికి తోబుట్టువే. పొదుపరితనము స్కౌటు నియమములలో ఒకటి గనుక ఈ సొమ్ము యాచన కాదు. కలిగినవాని బిడ్డయు, లేనివాని బిడ్డయు పక్కపక్కన నిలిచి సైకిలు తుడిచినపుడు ఎవరి బూట్లు ఏ నిధినుండి వచ్చినవో అడుగువారుండరు. అయితే పెద్దలు దీనిని పిల్లలచేత చాకిరి చేయించు అదనుగా మార్చరాదు. పని చిన్నదిగాను, లెక్క పెద్ద అక్షరములలోను ఉండవలెను.

ఊరివారు చేయదగినది ఇంకను గలదు. శిబిరమునకు కావలసిన తాళ్లు, గెడలు, టార్పాలిన్లు దూరపు దుకాణములనుండి తెప్పించనేల? చేపల చెరువులున్న ప్రతి ఊరను తాడు దొరకును. ముడి వేయుటలో ఆరితేరిన చేతులును దొరకును. వల అల్లునట్టి ఒక పెద్దను పిలిచి గుంజకు దోనె నెట్లు కట్టవలెనో చూపుమన్నచో, క్లోవ్ హిచ్ అను ముడి పాఠము పుస్తకము తెరువకుండనే వచ్చును. తాత చేతిలోని విద్య విలువ మనుమనికి తెలియుట దానిపై లాభము. పెరిగిన పిల్లల చొక్కాలు, బెల్టులు దళము పెట్టెలో చేరి చిన్నవారికి అందవచ్చును. బ్యాడ్జీలు మాత్రము ఎవరికి వారే సంపాదించుకొనవలెను. కలకత్తాకు లారీలకొలది చేపలు పంపు వర్తకులు ఒక్క యేడాది గుడారములు కొనియిచ్చినచో అవి ఎన్నియో శిబిరములకు పనికివచ్చును.

అప్పుడు మాస్టరునకు మిగులునది డబ్బు మాత్రమే కాదు, మర్యాద. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన పిదపనే ఆయన లోనికి పోయెను, ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను. సేవకునికి తన మాట చెల్లుటను మించిన సత్కారము లేదు. సంస్థ తనవంతుగా దీర్ఘసేవకు గుర్తింపులు, హిమాలయ ఉడ్‌బ్యాడ్జి చెక్కపూసలు, అత్యున్నతమైన సిల్వర్ ఎలిఫెంట్ పురస్కారము ఏర్పరచియున్నది. వానిని నేను చులకన చేయను. కాని శిబిరమునకు ఆరు గంటలకు రమ్మన్న మాస్టరు మాటను మన్నించి ఐదుంపావుకే బిడ్డను లేపి పంపు తల్లి, ఒక ఆదివారము వంట బాధ్యతను తాను తీసికొను తండ్రి, ఆయనకు చేయు మేలు అంతకంటె ఎక్కువది.

నవంబరు 7న పతాక దినపు స్టిక్కరు పట్టుకొని ఒక స్కౌటు మీ గుమ్మమునకు వచ్చినపుడు, కొనుడు. కొని, వాని మాస్టరు గత శిబిరమునకు తన జేబునుండి ఎంత పెట్టుకొనెనో వెళ్లి అడిగి, అందులో మీ వంతు చెల్లింపుడు.