చేతిలో తుపాకీ లేని కానిస్టేబుల్
మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో కానిస్టేబుల్ పరీక్షకు చదివే చెల్లెళ్లు అవార్డుల పట్టికను బట్టీ పడుతుంటారు. అందులో రెండింటి తేడా చెబుతాను. పరమవీర చక్ర యుద్ధంలో శత్రువును ఎదిరించిన సైనికులకు ఇచ్చేది. ఇప్పటివరకు అది పొందిన 21 మందీ పురుషులే. 1952లో నెలకొల్పిన అశోక చక్ర యుద్ధరంగం బయట చూపిన సాహసానికి, పౌరులూ అర్హులే. 1986లో కరాచీలో విమాన ప్రయాణికులను కాపాడుతూ ప్రాణమిచ్చిన నీర్జా భనోత్‌కు దక్కింది అదే.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న సి.ఆర్.పి.ఎఫ్. కానిస్టేబుల్ కమలేష్ కుమారి చేతిలో వైర్‌లెస్ సెట్టే ఉంది. తుపాకీ ఎందుకివ్వలేదని నాకు నేటికీ బాధే. దాడికి వచ్చినవాళ్లను చూసి ఆమె పారిపోలేదు, అరిచి తోటివారిని అప్రమత్తం చేశారు. తూటాలకు నేలకొరిగారు. 2002లో మరణానంతరం ఆమెకు అశోక చక్ర ఇచ్చారు.