రేడియోసోండ్: ఎండతో తగవుపడిన ఉష్ణమాపకం

మబ్బు పట్టడం మొదలు తుఫాను చెలరేగడం వరకు వాతావరణంలో కనిపించే మార్పులన్నీ దాదాపుగా నేలకు పదిహేను, పదిహేడు కిలోమీటర్ల ఎత్తులోపలే జరుగుతాయి గాని, నేల మీద పెట్టిన ఉష్ణమాపకానికీ భారమితికీ అందేది అందులో అట్టడుగు పొర ఒక్కటే. పై పొరల్లో వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు వీస్తోంది అన్నది తెలియనిదే రేపటి వానను నమ్మకంగా అంచనా కట్టడం కుదరదు. ఆ లెక్కను రోజుకు రెండుసార్లు నేలకు చేరవేసే పరికరం రేడియోసోండ్. బెలూన్‌కు వేలాడుతూ పైకి పోయే తేలికపాటి పెట్టె. దాని చరిత్రలో బెలూన్ సంగతి, రేడియో సంగతి అందరూ చెప్పేవే. అంతగా ఎవరూ పట్టించుకోనిది దాని ఉష్ణమాపకానికీ ఎండకూ మధ్య నూరేళ్ళకు పైగా సాగుతున్న తగవు.

పై గాలిని కొలవడానికి మొదట మనుషులే ఎక్కి వెళ్ళారు. 1862 సెప్టెంబరు 5న ఇంగ్లండులోని వూల్వర్‌హాంప్టన్ నుంచి బెలూన్‌లో లేచిన జేమ్స్ గ్లేషర్ సుమారు 8,800 మీటర్ల దగ్గర స్పృహ తప్పగా, చలికి చేతులు కొయ్యబారిన సహయాత్రికుడు హెన్రీ కాక్స్‌వెల్ గ్యాస్ వదిలే తాడును పళ్ళతో పట్టి లాగడం వల్లనే ఇద్దరూ బతికి బయటపడ్డారు. అంత పైకి మనిషి పోవడం ప్రాణాపాయమని తేలాక, 1890లలో ఫ్రాన్సులో గుస్తావ్ ఎర్మీత్, జార్జ్ బెజాన్సోన్ మనిషి లేని బెలూన్లకు, కొలతలను తనంతట తానే గీతగా గీసుకునే యంత్రాన్ని కట్టి వదలసాగారు.

ఈ పద్ధతిని శాస్త్రంగా మలిచినవాడు పారిస్ సమీపంలోని ట్రాప్‌లో సొంత పరిశోధనాలయం పెట్టుకున్న లియోన్ తెసెరెన్ ద బోర్. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతూ పోవలసిన ఉష్ణోగ్రత, సుమారు 11 కిలోమీటర్ల ఎత్తు దాటాక ఇక తగ్గడం లేదని ఆయన గీతలు చూపాయి. ఆయన ఆ మాటను వెంటనే నమ్మలేదు, నమ్మకపోవడమే ఆయన గొప్పతనం. ఉష్ణమాపకం చూపేది నిజానికి తన వేడినే గాని గాలి వేడిని కాదు; నేల దగ్గర దట్టమైన గాలి తగులుతూ దాన్ని తనతో సమానం చేస్తుంది, పైన గాలి పలచబడే కొద్దీ ఆ పట్టు సడలి, ఎండ సోకిన లోహం గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి తగ్గుదల ఆగిపోవడం ఎండ చేసిన మోసమే కావచ్చునని శంకించి, రాత్రిపూట బెలూన్లు వదిలి చూశాడు. రాత్రి గీతలూ అదే చెప్పాయి. రెండు వందలకు పైగా ప్రయోగాల తరువాత, 1902 ఏప్రిల్‌లో, ఆయన తన ఫలితాన్ని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందు పెట్టాడు. రబ్బరు బెలూన్లతో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ అస్మాన్ మరి కొద్ది రోజులకే అదే సంగతి ప్రకటించాడు.

అలా వాతావరణం రెండు అంతస్తులుగా విడిపోయింది. నేల నుంచి వేడెక్కిన గాలి పైకి లేస్తూ, చల్లబడుతూ, కలగాపులగమయ్యే కింది అంతస్తు ట్రోపోస్ఫియర్. తనలోని ఓజోన్ వాయువు సూర్యుని అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం వల్ల పైకి పోయే కొద్దీ వేడెక్కే, అందుచేత పొరలు కలవకుండా నిలకడగా ఉండే పై అంతస్తు స్ట్రాటోస్ఫియర్. రెండింటి మధ్య హద్దు ట్రోపోపాజ్. ఆగ్రాలో ఎగరేసిన బెలూన్ల కొలతలను కూడా చేర్చి కె.ఆర్. రామనాథన్ 1929లో నేచర్ పత్రికలో ప్రచురించిన చిత్రం, ఈ హద్దు ధ్రువాల వైపు తక్కువ ఎత్తులోను, ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్ల పైన ఎంతో చల్లగాను ఉంటుందని చూపింది. ఎండలు మండే దేశాల నెత్తిన చలి దేశాలకన్నా చల్లని గాలి ఉందన్నమాట.

అయితే ఈ యంత్రాలకు తీరని లోపం ఒకటి ఉండేది. బెలూన్ పగిలి పరికరం ఏ పొలంలోనో పడితే, దొరికినవారు తెచ్చి ఇచ్చేదాకా కొలతలు తెలిసేవి కావు. వాన కురిసి వెలిసిన వారానికి చేరే లెక్క వాన సూచనకు ఎందుకూ పనికిరాదు. ఈ చిక్కును రేడియో విడదీసింది. 1929 జనవరిలో ఫ్రాన్సులో రొబేర్ బ్యూరో, 1930 జనవరి 30న సోవియట్ యూనియన్‌లో పావెల్ మల్చనోవ్, 1931 చివర ఫిన్లాండులో విల్హో వైసాలా, కొలతలను అక్కడికక్కడే రేడియో సంకేతాలుగా పంపే పెట్టెలను ఎగరేశారు. 1940లలో భారత వాతావరణ శాఖ సొంత నమూనాలు తయారుచేసుకుంది. వాటిలో ఒకదానిలో, పైకి లేచేటప్పుడు ఎదురుగాలికి తిరిగే చిన్న ఫ్యానే ఒక్కొక్క కొలతను వంతులవారీగా రేడియోకు అందించేది.

ఆనాటి పెట్టెలో పీడనాన్ని గాలి తీసేసిన పల్చని లోహపు డబ్బా, వేడిని రెండు లోహాలు అతికిన పట్టీ, తేమను మనిషి వెంట్రుక కొలిచేవి, గాలిలో చెమ్మ పెరిగితే వెంట్రుక కాస్త సాగుతుంది గనుక. నేడు వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్లు, గాలి వేగం తేల్చడానికి జీపీఎస్ వచ్చాయి. ప్రపంచమంతటా ఒకే ప్రామాణిక వేళకు, మన గడియారంలో ఉదయం, సాయంత్రం అయిదున్నరకు, కొలతలు అందేలా బెలూన్లు లేస్తాయి. హైదరాబాదు బేగంపేట, విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాలదీ ఇదే ఏర్పాటు. సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున లేచే బెలూన్, 30 కిలోమీటర్ల దగ్గర పీడనం నేల మీది దానిలో నూరో వంతుకు పడిపోవడంతో, ఉబ్బి ఉబ్బి పగులుతుంది.

వేసవిలో కింద వేడి, తేమ నిండిన గాలి, పైన పొడిగా చల్లగా ఉన్న గాలి ఉన్నట్టు ఈ పెట్టె చెబితే, కింది గాలి ఒకసారి లేవడం మొదలుపెట్టాక ఆగక పైపైకి దూసుకుపోయి వడగళ్ళవాన కురిసే ప్రమాదం ఉందని సూచన ఇస్తారు. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణ భారతం మీద, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున, గంటకు నూరు కిలోమీటర్లు దాటి తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ ప్రవాహాన్ని, తరువాతి కాలంలో వాతావరణ శాఖకు అధిపతి అయిన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరించినది ఇలాంటి పై గాలుల కొలతలతోనే.

రోజువారీ వాతావరణం నుంచి శీతోష్ణస్థితికి, అంటే దశాబ్దాల సగటుకు, వచ్చేసరికి పాత తగవు మళ్ళీ తలెత్తింది. బొగ్గుపులుసు వాయువు పెరిగితే ట్రోపోస్ఫియర్ వేడెక్కాలి, స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. సూర్యుడే కారణమైతే రెండూ వేడెక్కాలి. రేడియోసోండ్ల లెక్కల్లో స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతున్నట్టు స్పష్టంగానే కనబడింది, అందులో ఓజోన్ తగ్గుదల పాత్ర కూడా ఉంది. చిక్కల్లా ఉష్ణమండలపు ట్రోపోస్ఫియర్‌తో వచ్చింది. అది నేల వేడెక్కినంతగానైనా వేడెక్కడం లేదన్నట్టు లెక్కలు చూపడంతో, భూతాపాన్ని శంకించేవారికి అది ఆయుధమైంది. 2005లో స్టీవెన్ షెర్‌వుడ్ బృందం పగటి కొలతలను రాత్రి కొలతలతో పోల్చి చూసి అసలు గుట్టు పట్టింది. పాత పరికరాలు ఎండకు వేడెక్కి ఉష్ణోగ్రతను ఎక్కువగా చూపేవి, కొత్తవి వచ్చే కొద్దీ ఆ దోషం తగ్గింది, ఆ తగ్గుదలే గాలి చల్లబడినట్టుగా లెక్కలకెక్కింది.

దశాబ్దానికి డిగ్రీలో పదో వంతుల లెక్కన సాగే మార్పును పట్టవలసిన పరికరానికి ఇది చిన్న దోషం కాదు. అందుకే కొన్ని ఎంపిక చేసిన కేంద్రాలతో ఒక ప్రపంచ ప్రమాణ వ్యవస్థ ఏర్పడింది. అక్కడ ప్రతి కొలతకూ అది ఎంత వరకు తప్పి ఉండవచ్చునో లెక్కగట్టి నమోదు చేస్తారు, నమూనా మారినప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే బెలూన్‌కు కట్టి ఎగరేసి తేడా తేలుస్తారు. దానికి ముఖ్య కేంద్రం 1905లో అస్మాన్ స్థాపించిన, జర్మనీలోని లిండెన్‌బర్గ్ పరిశోధనాలయమే.