యాక్సిలేటర్‌కి అనుమానం ఎక్కువ

"కొత్త బండికి యాక్సిలేటర్ వైరే లేదంటున్నారు. గ్రిప్ తిప్పితే కంప్యూటర్‌కి కబురు వెళ్తుందట, అది ఇంజన్‌కి చెబుతుందట. మధ్యలో ఆ కంప్యూటర్‌కి పిచ్చెక్కితే నా గతేమిటి?" అని కర్నూలు నుంచి ఒక పాఠకుడు అడిగారు. అడగాల్సిన సమయంలోనే అడిగారు. 2025 ఆగస్టులో హీరో కంపెనీ తన 125 సీసీ గ్లామర్ ఎక్స్‌ని క్రూయిజ్ కంట్రోల్‌తో (గ్రిప్ పట్టి ఉంచకపోయినా అదే వేగాన్ని నిలబెట్టే హంగు) మార్కెట్‌లోకి దించింది. నిన్నమొన్నటిదాకా లక్షలు పోసి కొనే బండ్లకే ఉన్న హంగు, పాలక్యాన్లు తగిలించుకుని తిరిగే తరగతి బండికీ వచ్చేసింది. వైరు తీసేశారు కాబట్టే అంత చౌకలో కుదిరింది.

ముందు ప్రాథమిక విషయాలు గబగబా ముగిద్దాం. పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలేటర్ తిప్పితే మనం పెంచేది పెట్రోల్‌ని కాదు, గాలిని. గాలి లోపలికి వెళ్లే గొట్టంలో ఇరుసు మీద తిరిగే గుండ్రటి లోహపు బిళ్ల ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని బటర్‌ఫ్లై అంటారు. ఎంత గాలి వెళ్తుందో చూసి దానికి తగ్గ పెట్రోల్‌ని ఇంజెక్టర్ చిమ్ముతుంది. పాత పద్ధతిలో బటర్‌ఫ్లైని స్టీలు వైరు లాగేది. కొత్త పద్ధతిలో గ్రిప్ దగ్గర (కారులో అయితే పెడల్ దగ్గర) సెన్సర్లు, బటర్‌ఫ్లై పక్కన చిన్న మోటారు, రెండింటి మధ్య ఈసీయూ అనే కంప్యూటర్ ఉంటాయి. కార్లలో 1987 నాటి బీఎండబ్ల్యూ 750 ఐఎల్ ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. బైకుల్లో 2006 యమహా ఆర్6తో ఊపందుకుంది. ఆ ఆర్6లో గ్రిప్ నుంచి వైర్లు ఇంకా ఉండేవి. కాకపోతే అవి సెన్సర్ దాకా వచ్చి ఆగిపోయేవి. మన దేశంలో 2017లో కేటీఎం 390 డ్యూక్‌కి వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు.

వైరు ఉన్నప్పుడు ఇంజన్ మన చెప్పుచేతల్లో ఉండేదని, ఇప్పుడు పరాయి చేతుల్లోకి పోయిందని చాలామంది బెంగ. ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లు అలా అంటే ఒప్పుకుంటాను. దాంట్లో వైరు కార్బురేటర్ స్లైడును నేరుగా పైకి లాగేది, అదే వైరు మధ్యలో చీలి ఆయిల్ పంపును కూడా కదిపేది. కానీ తర్వాత వచ్చిన 150, 180 సీసీ బండ్లలో చాలావాటికి సీవీ కార్బురేటర్. అందులో మన చేయి బటర్‌ఫ్లైని మాత్రమే తిప్పుతుంది. పెట్రోల్ సూదిని మోసే స్లైడు ఎప్పుడు, ఎంత లేవాలో ఇంజన్ పీల్చే గాలి, ఒక పల్చటి రబ్బరు డయాఫ్రం కలిసి తేల్చుకుంటాయి. ఈ ఆలోచన 20వ శతాబ్దం తొలి దశకంలోనే బ్రిటన్‌లో స్కినర్ సోదరులకు వచ్చింది. వాళ్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకే వాళ్ల తొలి ఎస్‌యూ కార్బురేటర్‌లో స్లైడును లేపడానికి తోలుతిత్తి వాడారు. అంటే మన చేతికీ ఇంజన్‌కీ మధ్య ఒక మధ్యవర్తి దూరి వందేళ్లు దాటింది. అప్పుడు అది తోలు, ఇప్పుడు సిలికాన్.

అసలు మధ్యవర్తి ఎందుకు? గాలి తిన్నగా లెక్కకు లొంగదు కాబట్టి. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు బటర్‌ఫ్లై అంచున ఉన్న సన్నటి సందులోంచి గాలి ధ్వనివేగంతో దూసుకెళ్తుంది. ఇది అతిశయోక్తి కాదు. బిళ్లకు అవతలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో 53 శాతానికి పడిపోతే చాలు, సందులోని గాలి ధ్వనివేగాన్ని అందుకుంటుంది. ఐడిల్‌లో అక్కడి ఒత్తిడి అంతకంటే తక్కువే. ఆపైన ఇంజన్ ఎంత గట్టిగా లాగినా గాలి పెరగదు, సందు పెరిగితేనే పెరుగుతుంది.

ఇప్పుడు 1200 సీసీ కారు ఇంజన్, 45 మిల్లీమీటర్ల గొట్టం తీసుకుని లెక్క వేద్దాం. 1500 ఆర్‌పీఎం దగ్గర ఆ ఇంజన్ సెకనుకు 15 లీటర్లకు మించి పీల్చలేదు. బటర్‌ఫ్లై సుమారు 25 డిగ్రీలు తెరుచుకునేసరికే అందులో దాదాపు 90 శాతం లోపలికి వచ్చేస్తుంది. మిగతా 65 డిగ్రీలూ తెరిస్తే దక్కేది ఆ చివరి 10 శాతమే. అదే ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే 90 శాతం గాలికి దాదాపు 50 డిగ్రీలు తెరవాలి. కాబట్టి వైరుతో నడిచే బండిలో ఒకే తొక్కుడుకు వేగాన్ని బట్టి వేర్వేరు ఫలితం. మనిషి అడిగేది తోపు, వైరు ఇచ్చేది కోణం. మనం ఏళ్ల తరబడి నడిపి ఆ తేడాను కాలికి అలవాటు చేసుకున్నాం, అంతే. 1990ల చివర్లో బాష్ కంపెనీ ఎంఈ7 ఈసీయూ ఈ లెక్కను తిరగరాసింది. పెడల్ ఎంత దిగిందో చూసి డ్రైవర్‌కి ఎంత టార్క్ కావాలో ముందు తేల్చుకుంటుంది, దానికి ఎంత గాలి కావాలో లెక్క కడుతుంది, ఆ తర్వాతే ఎన్ని డిగ్రీలు తెరవాలో మోటారుకు చెబుతుంది.

ఇక నాకు ఎంత చెప్పినా తనివి తీరని భాగానికి వస్తాను. ఈ యంత్రం ఎవరినీ నమ్మదు. మీ కాలిని నమ్మదు, తన కళ్లను నమ్మదు, చివరికి తన మెదడునూ నమ్మదు.

పెడల్ దగ్గర ఒకటి కాదు, రెండు సెన్సర్లుంటాయి. రెండింటికీ కరెంటు వేరు, ఎర్త్ వేరు. ఒక రకం ఏర్పాటులో, కాలు తీసి ఉంటే మొదటిది 0.8 వోల్టులు చూపిస్తుంది, రెండోది 0.4. పూర్తిగా తొక్కితే 4, 2. మొదటిది ఎప్పుడూ రెండోదానికి రెట్టింపు ఉండాలి. రెండూ ఒకే అంకె చూపించేలా పెడితే సులువు కదా? అక్కడే ఉంది కిటుకు. వానకు తడిసో, ఎలుక కొరికో రెండు సెన్సర్ల తీగలు ఒకదానికొకటి అంటుకున్నాయనుకోండి. అప్పుడు రెండూ ఒకే వోల్టేజి చూపిస్తాయి. 'ఒకేలా ఉంటే నిజం' అనే నియమం పెట్టుకుని ఉంటే ఈసీయూ ఆ అబద్ధాన్ని నమ్మేసేది. 'సగం ఉంటేనే నిజం' అన్నారు కాబట్టి ఇద్దరు సాక్షులూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెప్పగానే కూడబలుక్కున్నారని తెలిసిపోతుంది.

బటర్‌ఫ్లై దగ్గర ఇంకో ఎత్తు. అక్కడా రెండు సెన్సర్లే, కానీ చాలా బండ్లలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది. రెండింటి మొత్తం ఎప్పుడూ 5 వోల్టులు రావాలి. ఒక తీగ తెగినా, ఎర్త్ పోయినా ఆ మొత్తం చెదిరిపోతుంది.

బటర్‌ఫ్లై ఉండే థ్రాటిల్ బాడీ పక్క మూత విప్పి చూడండి. తెల్లటి ప్లాస్టిక్ పళ్లచక్రాలు, బొటనవేలంత మోటారు, ఇరుసు చుట్టూ చుట్టుకున్న స్ప్రింగులు కనబడతాయి. కరెంటు లేనప్పుడు బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకుపోయి ఉండదు. కొద్ది డిగ్రీలు ఓరగా తెరుచుకుని ఉంటుంది. ఒక స్ప్రింగు మూతవైపు లాగుతుంది, ఇంకోటి పూర్తిగా మూతపడకుండా ఆ కొద్ది దూరంలో నిలబెడుతుంది. మోటారు చచ్చిపోయినా బండి ఆగిపోకూడదు, అలాగని దూసుకుపోనూ కూడదు. ఈడ్చుకుంటూ అయినా రోడ్డు పక్కకు చేరేంత గాలి మాత్రం అందాలి. ఇక్కడ ముచ్చటైన సంగతి ఒకటుంది. ఐడిల్‌లో గాలి ఇంకా తగ్గించాలంటే మోటారు ఆ రెండో స్ప్రింగుతో పోరాడి మరీ మూయాలి. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర మీరు ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా అది పని చేస్తూనే ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట స్టార్ట్ చేయకుండా తాళం ఒక్కటే ఆన్ చేసి, చెవిని దాని దగ్గర పెట్టండి. చాలా కార్లలో సన్నటి కూత వినబడుతుంది, కొన్నిటిలో టక్కుమని బిళ్ల కదిలిన చప్పుడు కూడా. స్ప్రింగులు సరిగా వెనక్కి లాగుతున్నాయో లేదో ఆ క్షణంలో పరీక్షించుకునే రకాలూ ఉన్నాయి.

సెన్సర్లు నిజమే చెప్పినా లెక్క కట్టే చిప్పే తప్పితే? జర్మనీ కార్ల కంపెనీలు కలిసి రాసుకున్న ఇగాస్ అనే పద్ధతిలో దీనికి మూడు అంచెలున్నాయి. మొదటి అంచె పని చేస్తుంది. రెండో అంచె ఆ పని తీరును వేరే లెక్కతో సరిచూస్తుంది. మూడో అంచెలో ఒక విడి చిప్ ప్రధాన చిప్‌కి అదేపనిగా ప్రశ్నలు వేస్తుంటుంది. సరైన జవాబు సరైన సమయానికి రాకపోతే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. ఆ తర్వాత పని స్ప్రింగుది.

ఇద్దరు సాక్షులతో ఒక చిక్కుంది. మాటలు కలవనప్పుడు ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని తెలుస్తుంది గానీ, ఎవరన్నది తెలియదు. కారుకు, బైకుకు అది చాలు. ఈసీయూ శక్తి తగ్గించేసి పక్కకు ఆపుకోమంటుంది. ఆకాశంలో పక్కకు ఆపుకునే వీల్లేదు కాబట్టి 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ యుద్ధవిమానానికి నాలుగు వరుసల ఫ్లై బై వైర్ (కరెంటు సంకేతాలతో నడిపే పద్ధతి) పెట్టారు. తప్పు చెప్పే వరుసను మిగతావి వెలివేసి ముందుకు సాగుతాయి.

ఇంత అనుమానం ఉన్నా జనానికి భయం ఎందుకంటే, 'బండి తనంతట తానే దూకింది' అన్న కథలు. వాటిలో మొదటి పెద్ద కథకు ఎలక్ట్రానిక్ యాక్సిలేటర్‌తో సంబంధమే లేదు. 1986 నవంబరులో అమెరికా టీవీ కార్యక్రమం '60 మినిట్స్' ఆడీ 5000 కారు దానంతట అదే దూకుతోందని చూపించింది. చూపించిన కారులో గేర్‌బాక్స్‌కి రంధ్రం చేసి బయటినుంచి గాలి ఒత్తిడి పంపారన్న సంగతి మాత్రం చెప్పలేదు. 1989లో అమెరికా రహదారి భద్రతా సంస్థ తేల్చింది ఏమిటంటే, బ్రేకు అనుకుని యాక్సిలేటర్ తొక్కడమే ప్రధాన కారణమని. ఈలోగా అమెరికాలో ఏడాదికి 74 వేలున్న ఆడీ అమ్మకాలు 1991కి 12 వేలకు కూలిపోయాయి.

రెండో కథ టయోటాది, ఇది అంత తేలిగ్గా తెగదు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో టయోటాకే చెందిన ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు చనిపోయారు. వేరే మోడల్‌కి చెందిన మందపాటి కాళ్లపట్టా పెడల్‌ని నొక్కి పట్టేసింది. అంటే దోషం పట్టాది. అమెరికా అంతా కంప్యూటర్‌ని తిట్టాక నాసా ఇంజనీర్లను దించారు. 2011 ఫిబ్రవరిలో వాళ్ల నివేదిక వచ్చింది. కొన్ని పాత పెడల్ సెన్సర్లలో తగరం మీద మొలిచిన వెంట్రుకల్లాంటి మీసాలు రెండు తీగలను కలిపేయడం వాళ్లు చూశారు గానీ, బటర్‌ఫ్లై బార్లా తెరుచుకునేంత ఎలక్ట్రానిక్ దోషం దొరకలేదన్నారు. 2013లో ఓక్లహోమా జ్యూరీ దీనికి ఎదురు తిరిగింది. 2005 టయోటా క్యామ్రీ కారు ప్రమాదం కేసులో సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైఖేల్ బార్ ఇచ్చిన సాక్ష్యం విని టయోటాదే తప్పంది. ఆయన వాదన గుచ్చుకునేది ఎక్కడంటే, బటర్‌ఫ్లైని నడిపే పనినీ, దాన్ని కాపలా కాసే పనుల్లో చాలావాటినీ ఒకే ప్రోగ్రామ్ ముక్కలో పెట్టారు. అది ఆగితే పనివాడూ కాపలావాడూ ఒకేసారి నిద్రపోతారు. నా పక్షపాతం దాచను. ఈ వ్యవస్థకు బలం దాని అనుమానమే. ఆ అనుమానాన్ని పొదుపు చేసినచోటే అది ప్రమాదకరం.

నిజంగానే ఎప్పుడైనా పెడల్ ఇరుక్కుంటే ఏం చేయాలో చెబుతాను. కారు బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి, న్యూట్రల్ చేయండి. తొక్కుతూ వదులుతూ ఉండొద్దు. బ్రేకు బూస్టర్‌కి బలం బటర్‌ఫ్లై వెనక ఏర్పడే వాక్యూమ్ నుంచే వస్తుంది. బార్లా తెరుచుకుంటే అక్కడ వాక్యూమ్ ఉండదు, నిల్వ ఉన్నది కొన్ని తొక్కుళ్లకే అయిపోతుంది. ఇప్పటి చాలా కార్లలో రెండు పెడళ్లూ ఒకేసారి నొక్కితే ఈసీయూ బ్రేకు మాటే వింటుంది. వైరు ఆ పని ఏనాడూ చేయలేదు.

లాభాల పట్టిక మిగతాది మీరే చెప్పగలరు. జారుడు రోడ్డు మీద ట్రాక్షన్ కంట్రోల్, వాన మోడ్, గేరు తగ్గించినప్పుడు తానే రైజ్ చేసి కలపడం, పొగ తగ్గించడం. నష్టాలు కూడా ఆ పొగ దగ్గరే మొదలవుతాయి. గాలిని హఠాత్తుగా మూస్తే మిశ్రమం చెడుతుందని కొన్ని కార్లలో ఈసీయూ బటర్‌ఫ్లైని తీరిగ్గా మూస్తుంది. దాంతో క్లచ్ నొక్కినా ఇంజన్ అరుపు వెంటనే దిగదు. కొన్ని బైకుల్లో శబ్దపు పరీక్ష నెగ్గడం కోసం, గ్రిప్ చివరిదాకా తిప్పినా కొన్ని గేర్లలో పూర్తిగా తెరవదు. దీన్ని ఆసరా చేసుకుని 'పికప్ పెంచుతాం' అంటూ పెడల్ సెన్సర్ దగ్గర తగిలించే డబ్బాలు అమ్ముతున్నారు. అవి మీరు సగం తొక్కితే ముప్పావు తొక్కారని ఈసీయూకి చెబుతాయి, అంతే. ఒక్క గుర్రం బలం కూడా పెరగదు.

నాకు అసలు కోపం రిపేరు దగ్గర. వైరు తెగితే వీధి చివరి మెకానిక్ నిమిషాల్లో కొత్తది వేసేవాడు. ఇప్పుడు బటర్‌ఫ్లై చుట్టూ పట్టిన నల్లటి జిగురు తుడవాలన్నా జాగ్రత్త కావాలి. వేలితో బలంగా నెడితే ఆ ప్లాస్టిక్ చక్రాలు దెబ్బతినొచ్చు, తుడిచాక ఐడిల్ మళ్లీ నేర్పాల్సి రావచ్చు. ఆ పద్ధతి యజమానికిచ్చే పుస్తకంలో సాధారణంగా ఉండదు. తనకు ఏ సెన్సర్ మీద, ఎందుకు అనుమానం వచ్చిందో బండి అక్షరాలా రాసిపెట్టుకుంటుంది. మనకు మాత్రం పసుపు దీపం ఒక్కటే చూపిస్తుంది. కాబట్టి ఈ దీపం వెలిగి సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కోడ్ ఏమిటో బిల్లు మీద రాసిమ్మని పట్టుబట్టండి. కారులో పీ 2135 వస్తే బటర్‌ఫ్లై దగ్గరి సెన్సర్ల మాటలు కలవలేదని. పీ 2138 వస్తే పెడల్ దగ్గరివి కలవలేదని. కొన్నిసార్లు రెండింటికీ కారణం వదులైన ఒక కనెక్టరే. అది చూడకుండా థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలంటే, ముందు ఆ కనెక్టర్ విప్పి చూపించమనండి.